బ్నీద్ అల్ గార్: గరిట పట్టిన మగాళ్ల పేట

కువైట్ టవర్స్ దగ్గర నుంచి సముద్రాన్ని ఎడమచేతికి ఉంచుకుని గల్ఫ్ రోడ్డు వెంట కాస్త దూరం నడిస్తే, కుడివైపున బ్నీద్ అల్ గార్ వస్తుంది. రోడ్డు మీదికి హోటళ్లు, ఎత్తైన అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. సందులోకి తిరిగితే ఆ దర్జా అంతా అక్కడితో సరి. ఏసీల నుంచి కారే నీళ్లు, బాల్కనీల్లో ఆరేసిన లుంగీలు, కింద ఒక బకాలా (కిరాణా కొట్టు), పక్కన మంగలి షాపు, మెట్లెక్కుతుంటే అంతస్తుకొక తాలింపు వాసన. పర్యాటకులెవరూ ఈ పేట కోసం రారు. నాకు మాత్రం కువైట్‌లో తీరిగ్గా చూడదగ్గది ఇదేననిపించింది. టవర్స్‌ను ఫోటోలో చూసినా పోయేదేం లేదు.

ఒకప్పుడు ఇది ఊరి బయట. ఎడారి తెగల ఇఖ్వాన్ సేనల దాడుల భయంతో 1920లో కువైట్ చుట్టూ మట్టిగోడ కట్టారు. ఆ గోడ ద్వారాల్లో దస్మాన్ ద్వారానికి బ్నీద్ అల్ గార్ ద్వారమనే పేరు కూడా ఉండేది. చమురు డబ్బు వచ్చాక 1957లో గోడను కూల్చేశారు, ద్వారాలను గుర్తుగా ఉంచారు, ఊరు వాటిని దాటి ఇటు పాకింది. అమెరికా రాయబార కార్యాలయం అప్పట్లో ఇక్కడే ఉండేది. 1983 డిసెంబరు 12న దాని మీద బాంబు దాడి జరిగింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాక దాదాపు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. కడప వైపు పల్లెల్లో ‘యుద్ధంలో వచ్చినోళ్లు’ అంటే వాళ్లే. వాళ్లలో చాలామంది కువైట్‌కు విముక్తి దొరికాక మళ్లీ వెళ్లిపోయారు కూడా. చరిత్ర ఇంతవరకు చాలు.

రాజంపేట, రైల్వే కోడూరు, చిట్వేలు, సుండుపల్లి, రాయచోటి. ఉమ్మడి కడప జిల్లాలో ఈ దారిన పోతే కోయిట్టు (కువైట్) డబ్బుతో లేచిన మిద్దె లేని ఊరు కనబడదు. గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఎక్కువగా వస్తారు, అరబ్బుల ఇళ్లలో పనికి. కువైట్ మొత్తం మీద భారతీయులు పది లక్షల దాకా ఉన్నారు. తెలుగువాళ్లు నలుగురు చేరేది నగరం నడుమ మాలియాలో. కానీ మాలియా కలుసుకునే చోటు, కాపురం ఉండేది ఇలాంటి పేటల్లో.

కాపురం అన్నాను గానీ భార్యాపిల్లలతో కాదు. 2024 జనవరిలో కుటుంబ వీసాలను మళ్లీ తెరిచినప్పుడు, నెలకు 800 దినార్ల జీతం ఉండాలని షరతు పెట్టారు. డ్రైవర్లకు, మేస్త్రీలకు, ఆఫీస్ బాయ్‌లకు చాలామందికి అందులో పావు వంతైనా రాదు. అందుకే ఇరవై ఏళ్ల కిందట పెళ్లయినవాడు కూడా అద్దె ఇంటి లెక్కలో ‘బ్యాచిలర్’. గదికి నలుగురు, ఫ్లాటుకు పది మంది, అందరికీ కలిపి ఒక వంటగది.

ఆ వంటగది గురించే నేను చెప్పాలనుకున్నది. గల్ఫ్ గురించి రాసేవాళ్లు దినార్ల గురించి రాస్తారు, కన్నీళ్ల గురించి రాస్తారు. పొయ్యి దగ్గరికి ఎవరూ రారు.

మా చిన్నాయన ఉండే ఫ్లాటులో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. వారంలో ఏ రోజు ఎవరి వంట, ఎవరు గిన్నెలు కడగాలి, ఎవరు సరుకులు తేవాలి అన్నీ అందులో. ఖర్చు నెలాఖరున సమానంగా పంచుకుంటారు. ఊరికి పోయినవాడి పేరు మీద గీత కొడతారు, తిరిగొచ్చిన రోజున చెరిపేస్తారు. డ్యూటీ మారితే వంటను మార్చుకోవచ్చు, ఎగ్గొట్టకూడదు. ఒకాయన ఎగ్గొట్టి, అందరికీ ఖుబ్బుస్ రొట్టెలు, పెరుగు తెచ్చి బల్ల మీద పెట్టాడట. వారం రోజులు ఎవరూ సరిగా మాట్లాడలేదని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు.

గురువారం రాత్రి చిన్నాయన వంతు. మరునాడు సెలవు కాబట్టి ఆ రాత్రి సంగటి. బియ్యం మెత్తగా ఉడుకుతుంటే రాగిపిండిని నడిమధ్యన కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, మంట తగ్గించాడు. ఫోను నూనె డబ్బాకు ఆనించి ఉంది. అందులో పిన్నమ్మ. కువైట్‌కు మనకు రెండున్నర గంటల తేడా, అక్కడ ఏడైతే ఊళ్లో తొమ్మిదిన్నర. పిల్లలు నిద్రపోకముందే మాట్లాడాలంటే వంట వేళే మాట వేళ. “పిండి గెలికినావా ఏంది?” అంటుంది ఆమె. “తెలుసు లేబ్బా” అంటాడు ఈయన. పిండి ఆవిరికి ఉడికి పగుళ్లు వచ్చాక గిన్నెను దించి, నేల మీద అట్టముక్క పరిచి, పాత తువ్వాలు చుట్టి రెండు పాదాల మధ్య బిగించాడు. ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న తెడ్డుతో గుండ్రంగా తిప్పుతుంటే మెడ నరాలు తేలాయి. ఉండ కట్టకుండా వచ్చింది. తడిచేత్తో ముద్దలు చేసి వరసగా పెట్టాడు.

కూర నాటుకోడి కాదు, బ్రెజిల్ నుంచి గడ్డకట్టి వచ్చిన కోడి. ఎంత మసాలా పోసినా ముక్కకు ఎక్కదు. గసగసాలు లేవు. చాలా గల్ఫ్ దేశాల్లో అవి మత్తుమందు కింద లెక్క, తెలియక సంచిలో వేసుకుని వస్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. బదులుగా ఎండుకొబ్బరి, నాలుగు జీడిపప్పులు నూరి వేస్తారు. పులుసు చిక్కగానే ఉంది. రుచి మాత్రం పెళ్లి భోజనం వైపు జరిగిపోయింది.

అదే ఫ్లాటులో ఒక గోదావరి ఆయన ఉన్నాడు. ఆయనకు సంగటి గొంతు దిగదు. ఆయన వంతు వచ్చిన రోజు షర్క్ చేపల మార్కెట్‌కు పోతాడు. అక్కడ జుబైదీ అని అమ్మేది మన చందువే. కువైట్ వాళ్లకు దాని మీద ప్రాణం, ధర కూడా దానికి తగ్గట్టే. ధర దిగినప్పుడు తెచ్చి, చింతపండు పులుసు పెట్టి, రాత్రంతా ఊరనిచ్చి మరునాడు తింటాడు. కడపవాళ్లు మొదట ముక్కు మూసుకునేవాళ్లట. ఇప్పుడు పులుసు మిగలదు.

నేను చిన్నాయనను అడిగాను: “ఊర్లో ఎప్పుడన్నా వండినావా?”

“ఆడ పొయ్యికాడికి పోతే మీ పిన్నమ్మ నవ్వతాది. వీధంతా చెప్తాది.”

“మరి ఈడ?”

“ఈడ నవ్వేదానికి ఎవురున్నారు? అందరిదీ అదే పని గదా.”

పది మందికి లెక్క తప్పకుండా వండే మనిషి, సెలవు మీద ఊరికి వచ్చిన రెండు నెలలూ మంచినీళ్ల చెంబు కూడా తనంతట తాను ముంచుకోడు. ఒక్క చిన్నాయనే కాదు, నేను చూసినవాళ్లంతా అంతే. నేర్చుకున్న విద్యను విమానాశ్రయంలో వదిలేసి దిగుతారు. దీన్ని త్యాగాల కథలో కలిపేసి మెచ్చుకోవడం నాకు చేతకాదు. పిన్నమ్మ నవ్వుతుందన్న మాటను కూడా నేను సగమే నమ్ముతాను.

బ్నీద్ అల్ గార్‌లో షియాలు చాలామంది, వాళ్ల సంతాప సభలు జరిగే హుసేనియాలు కూడా ఎక్కువే. మొహర్రం పది రోజులూ సందుల్లో నల్లజెండాలు కడతారు, రాత్రిళ్లు మైకుల్లో శోకగీతాలు వినిపిస్తాయి, పెద్ద పెద్ద దేగిసాల్లో అన్నం, మాంసం వండి వచ్చినవాళ్లకల్లా పెడతారు. పీర్ల పండుగకు గుండం తొక్కే ఊళ్ల నుంచి వచ్చిన సీమ కుర్రాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. అగ్నిగుండం లేదనేది ఒక్కటే వాళ్ల ఫిర్యాదు. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడతారు, పెట్టేవాళ్లు ఏ దేశమని అడగరు.

కువైట్ వంట మనకు అనుకున్నంత దూరం కాదు. మష్బూస్ అంటే యాలకులు, దాల్చినచెక్క, ఎండునిమ్మకాయ వేసి మాంసాన్ని ఉడికించి, ఆ నీళ్లలోనే బాస్మతి అన్నం వండి, పైన వేయించిన ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష, పప్పు చల్లడం. పక్కన దక్కూస్ ఇస్తారు. టమాటా, వెల్లుల్లి, పచ్చిమిర్చి ఉడికించి మెదిపితే అది దక్కూస్, తాలింపు పెడితే మన పచ్చడి. చమురుకు ముందు కువైట్ పడవలు బొంబాయికి, మలబారుకు తిరిగి బియ్యం, మసాలాలు, పడవలు కట్టే టేకు తెచ్చుకునేవి. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. ఆ బేరం అంతా కంచంలో మిగిలింది. అరబ్బుల ఇళ్లలో పనిచేసే గోదావరి ఆడవాళ్లకు ఈ వంటలన్నీ కరతలామలకం. వాళ్లకు వంతుల కాగితం లేదు, వారం పొడవునా వాళ్లదే వంట. సెలవు దొరికిన శుక్రవారం నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో కొందరు కలుస్తారు. అప్పుడు మాత్రం ఎవరో ఒకరు వండి తెచ్చిన గోంగూర తింటారు, తాము వండరు.

తినదగ్గ మరొకటి ఇరానీ రొట్టె. తందూరు గోడకు కొట్టి తీసి, కాగితంలో చుట్టి ఇస్తారు. ధర ఫిల్సుల్లోనే, అంటే దినారు చిల్లరలోనే. ఇంటికి చేరేలోపు సగం అయిపోతుంది.

ప్రయాణం సంగతి. కువైట్ నుంచి హైదరాబాదుకు నేరుగా విమానాలున్నాయి. రాజంపేట వైపువాళ్లు చాలామంది చెన్నైలో దిగి రైలో కారో పట్టుకుంటారు. ఊరికి పోయేటప్పుడు పెట్టెలో దుప్పట్లు, పాలపొడి, అత్తరు, నొప్పుల మందు. వచ్చేటప్పుడు ఊరగాయ, చెనక్కాయల పొడి, కారం.

చూడ్డానికి వెళ్లేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి నడుమ వెళ్లండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే ఆంక్ష పెట్టింది. 2016 జూలై 21న ఈ దేశంలోనే మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. శుక్రవారం పొద్దున పేట అంతా నిద్రపోతుంది, సాయంత్రం పోవడం మేలు. ఎవరైనా భోజనానికి పిలిస్తే మిఠాయి పట్టుకుపోకండి, అది అక్కడ కావలసినంత దొరుకుతుంది. రెండు కిలోల రాగిపిండి తీసుకుపోండి. మీ ఊళ్లో ఆడించినదైతే ఇంకా మంచిది.