వంతుల పట్టిక

మే నెల వచ్చిందంటే బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు తగ్గిపోతాయి. రక్తదాన శిబిరాలకి కాలేజీలే పెద్ద ఆధారం. పరీక్షలూ సెలవులూ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి కుర్రాళ్లు ఊళ్లకి వెళ్లిపోతారు. ఎండలకి భయపడి మిగతావాళ్లూ వెనకాడతారు. కొన్ని ఆపరేషన్లనైతే ఓ వారం వెనక్కి జరపొచ్చు కానీ తలసీమియా పిల్లల తేదీని జరపడం కుదరదు. వాళ్ల ఎముక మూలుగలో పుట్టే ఎర్రకణాలు నిలదొక్కుకోవు. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, బతికినంత కాలం. ఎక్కించబోయే రోజున కూడా హిమోగ్లోబిన్ 9కి తగ్గకుండా చూడాలంటారు డాక్టర్లు. తేదీ దాటితే బిడ్డ పాలిపోతుంది, అన్నం సయించదు, నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసపడుతుంది. ఆ మార్పు అందరికంటే ముందు తల్లికి తెలిసిపోతుంది.

మూడు వారాలకొకసారి అనుకుంటే ఏడాదికి 17 సార్లు. పసివాళ్లకి ఒక్క యూనిట్ చాలు, బరువు పెరిగేకొద్దీ రెండు కావాలి. ఇచ్చేవాళ్ల సంగతి చూస్తే, మగవాళ్లు 90 రోజులకొకసారి, ఆడవాళ్లు 120 రోజులకొకసారి ఇవ్వొచ్చు. అంటే ఒక్క పసిబిడ్డను ఏడాదంతా నిలబెట్టాలంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఐదారుగురు మాట తప్పకుండా వస్తూ ఉండాలి. ఈ లెక్క తెలిశాక నాకు చిన్న కంపెనీల మీద ఆశ కలిగింది. ఐదారుగురు మనుషులు లేని కంపెనీ ఎక్కడుంటుంది?

పెద్ద కంపెనీలకి చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ తన లాభాల సగటులో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. కోల్ ఇండియా 2017లో ఆ నిధులతోనే తలసీమియా పిల్లల మూలుగ మార్పిడికి ఒక్కొక్కరికి 10 లక్షల దాకా ఇచ్చే పథకం మొదలుపెట్టింది. సరిపోయే దాత దొరికి, మార్పిడి ఫలిస్తే ఆ బిడ్డకి జీవితాంతం రక్తం ఎక్కించుకునే బాధే తప్పుతుంది. ఇంతకంటే మంచి ఖర్చు నాకు తోచదు. జీడిమెట్లలో మందుల సీసాలకి లేబుళ్లు అచ్చువేసే మా యూనిట్‌కి ఆ చట్టం వర్తించదు. కాగితం, ఇంకు, కరెంటు, జీతాలు పోగా మిగిలేది కొంచెమే. లక్షలు ఇచ్చే స్తోమత లేదు, మనుషులున్నారు.

తలసీమియా పిల్లల కోసం పనిచేసే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. 1998లో మొదలైన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ అందులో ఒకటి. అలాంటి ఒక సంస్థను మా ఓనరు గారు సంప్రదించినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒకరోజు క్యాంపు. షామియానా వేసి అందరం ఇద్దామనుకున్నారు. అక్కడ దాతల జాబితా చూసే మేడమ్ సూటిగానే చెప్పారు: “అందరూ ఒక్కరోజే ఇస్తే మాకు ఆ నెల గడుస్తుంది సార్. ఆ తర్వాత మూడు నెలలు మీ దగ్గర ఇచ్చేవాళ్లే ఉండరు కదా.” ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా 35 నుంచి 42 రోజులకు మించి పనికిరావు. ఈ పిల్లలకైతే వీలైనంత తాజావి ఎక్కించడం మేలు.

దాంతో స్టోర్స్ చూసే పెద్దాయన వంతుల పట్టిక రాశారు. షిఫ్టు చార్టు పక్కనే అంటించారు. ఏ వారం ఎవరు వెళ్లాలో అందులో ఉంటుంది. ఎవరికైనా జ్వరమొస్తేనో, అర్జెంటు ఆర్డరు మీదపడితేనో “అన్నా, ఈసారి నా వంతు నువ్వు తీసుకో” అని సర్దుకుంటారు. ఏప్రిల్, మే వారాలను ముందే నింపేస్తారు. ఓనరు గారు చేసిన మంచి పని, వెళ్లినవాళ్ల పూట జీతం కోయకపోవడం. దినకూలీ లెక్కన బతికే హెల్పరుకి అర పూట కూలీ ఎంత విలువైనదో బయటివాళ్లకి తెలియదు. సేవ చేయమని చెప్పే యజమాని ముందు ఆ కూలీ తన జేబులోంచి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు ఉత్సాహంగా పేర్లిచ్చారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. వాళ్లలో చాలామందిని వేలికొసన సూది గుచ్చి చూసి వెనక్కి పంపేశారు. మన దేశంలో సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట ఆ రోజు మా కళ్ల ముందే కనిపించింది. ఇల్లంతా తిన్నాక మిగిలింది తినేవాళ్లకి ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుంది? అటు తలసీమియా బిడ్డ కష్టం వేరు. ఎక్కించే ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. రోజుకి ఒక మిల్లీగ్రాముకి మించి బయటికి పోదు. మిగిలినదంతా కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. దాన్ని దించడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. కొందరికి చర్మం కింద సూదిపెట్టి రాత్రంతా చిన్న పంపుతో మందు ఎక్కిస్తారు. మా ఆడవాళ్లు డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. వంతు రాని రోజుల్లో ఊరుకోకుండా ఫోన్ల పని పట్టారు. దాతలకి రెండు రోజుల ముందు గుర్తుచేయడం, రాలేనన్నవాళ్ల బదులు ఇంకొకరిని వెతకడం వాళ్ల చేతిలోనే ఉంది. ఆ పని నా లెక్కలో రక్తం ఇవ్వడానికి ఏమీ తీసిపోదు.

రక్తం ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒక చేతికి సూది ఉంటుంది కాబట్టి పిల్లలు రెండో చేత్తోనే బొమ్మలు వేస్తారు, ఎక్కాలు రాస్తారు. బడి పోగొట్టుకున్న పూట అది. ఆదివారాలు మాలో కొందరం వెళ్లి ఆ పాఠాలు చెబుతాం. ఫొటోలు తీసుకోకూడదని ముందే అనుకున్నాం. వార్డులో ఉన్న బిడ్డ ముఖం మా యూనిట్ గోడ మీదికి ఎక్కడం ఆ బిడ్డకి ఏ విధంగా మేలు? మాలో ఎవరి రక్తం ఎవరికి చేరిందో కూడా మాకు తెలియదు. గ్రూపు, క్రాస్‌మ్యాచ్ చూసి బ్యాంకు ఇస్తుంది. ఏ తల్లీ మాకు దండం పెట్టనక్కరలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఇంకో పని మేం ముందు ఊహించలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే ప్రమాదం 25 శాతం. వాహకులకి పైకి ఏ బాధా ఉండదు, హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షలో బయటపడుతుంది. మా పెళ్లికాని కుర్రాళ్లు ఆ పరీక్ష చేయించుకున్నారు. ప్రెస్ సెక్షన్‌లో ఒకతను వాహకుడని తేలింది. “ఇక మా వాడికి పిల్లనెవరిస్తారయ్యా?” అని వాళ్లమ్మ ఏడ్చింది. మేడమ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అబ్బాయికి జబ్బేమీ లేదని, చేసుకోబోయే అమ్మాయికి కూడా పరీక్ష చేయిస్తే చాలని ఓపిగ్గా చెప్పారు. పెళ్లిచూపుల్లోనే అతను రిపోర్టు బయటపెట్టాడు. అమ్మాయి వాళ్లు పరీక్ష చేయించి, ఆమె వాహకురాలు కాదని తెలిశాక ముహూర్తం పెట్టుకున్నారు. కొత్తగా చేరేవాళ్లకి ఈ పరీక్ష గురించి చెప్పే పని ఇప్పుడు అతనిదే.