వలస ఊళ్ల మీదుగా సైకిలు బాట

టెక్కలి నుండి పలాసకు జాతీయ రహదారి మీద కారులో ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంటలో కంటికి ఆనేవి దాబాలు, పెట్రోలు బంకులు, గ్రానైటు దిమ్మెలు మోసుకుపోయే లారీలు. అదే దూరానికి మేము ఒక పగలంతా వెచ్చించాము. రహదారిని విడిచి, సముద్రం వైపు తిరిగి, ఉద్దానం తోటల నడుమగా సైకిళ్ల మీద వెళ్లాము. మేమంటే ఇద్దరు అన్నదమ్ములము, పదమూడేళ్ల మా మేనల్లుడు.

ఈ ఆలోచనకు బీజం వేసింది ఆ పిల్లవాడే. ఫ్రాన్సు దేశంలో సైకిలు యాత్రికుల కోసం పల్లెల మీదుగా ఏర్పరచిన దారుల గురించి ఎక్కడో చదివాడు. అక్కడ లువార్ నది వెంబడి సుమారు 900 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. రైళ్లు ఆగిపోయిన చిన్న చిన్న లైన్ల మీద పట్టాలు తొలగించి, నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ మాత్రమే వదిలిపెట్టిన పచ్చని బాటలూ ఉన్నాయి. ముసలివారు, పసిపిల్లల తల్లులు కూడా నిర్భయంగా వాటి మీద సాగిపోతారు. "మామూ, మన దగ్గర ఇలాంటి దారులు లేవా?" అని అడిగాడు. ఉన్నాయనీ, వాటికి బోర్డులు మాత్రమే లేవనీ జవాబిచ్చాము. ఆ మాట నిలబెట్టుకోవలసి వచ్చింది.

సంక్రాంతి వెళ్లిన వారంలో, ఫజ్ర్ నమాజు ముగించుకొని రావివలస నుండి బయలుదేరాము. టెక్కలి మండలంలోని ఈ ఊరు ఎండల మల్లికార్జునస్వామి ఆలయానికి ప్రసిద్ధి. అక్కడి శివలింగం పైకప్పు లేకుండా ఆరుబయట ఎండలోనే ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. కార్తీకమాసంలో జనంతో కిక్కిరిసే ఆ వీధులు మేము వెళ్లిన వేళ మంచులో నిద్రపోతున్నాయి.

శ్రీకాకుళం జిల్లాలో 'వలస' అన్న మాటతో ముగిసే ఊరి పేర్లు ఎన్నో. ఎక్కడి నుండో వచ్చినవారు ఒక చెట్టు నీడనో, చెరువు గట్టునో స్థిరపడితే అది వలస అయింది. రావివలస అన్న పేరులోనూ ఆ చెట్టు నేటికీ నిలిచి ఉంది. ఈ సంగతి పిల్లవాడికి చెబుతూ తొక్కుతున్నాము. ఆ మాట సాయంత్రం దాకా మమ్మల్ని వెంటాడుతుందని అప్పటికి తెలియదు.

నౌపడ దగ్గర రైలు కట్ట ఎదురయింది. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో ఇక్కడి నుండే నడక మొదలుపెట్టింది. ఫ్రాన్సులో అటువంటి లైన్లు ఎన్నో మూతబడి సైకిలు బాటలయ్యాయి. మన లైను మాత్రం మూతబడలేదు. బ్రాడ్‌గేజిగా మారి 2011 నుండి గుణుపురం దాకా పెద్ద రైళ్లనే నడుపుతోంది. పేదవాడికి చౌక ప్రయాణం మిగిలినందుకు సంతోషించాము.

సమీపంలోనే తేలినీలాపురం. ఏటా సెప్టెంబరులో గూడబాతులు, రంగు కొంగలు ఈ ఊరి చెట్లను వెతుక్కుంటూ వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి. అవి సైబీరియా నుండి వస్తాయని ఊరివారి నమ్మకం. నిజానికి ఈ రెండు జాతులూ మన ఉపఖండానికి చెందినవే. అయితేనేం, ఇంటి ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్లుగా ఊరు వాటిని ఆదరిస్తుంది. కారు హారన్ మోగితే చెట్టంతా ఉలిక్కిపడుతుంది. మా సైకిళ్లకు మాత్రం ఒక్క రెక్క కూడా కదలలేదు.

అక్కడి నుండి భావనపాడు వైపు ఉప్పు మడులు. కనుచూపు మేర అద్దాలు పరచినట్లున్న నీళ్లు, గట్ల మీద అప్పుడే పని మొదలుపెడుతున్న కూలీలు. ఈ తీరానే మూలపేట వద్ద 2023 ఏప్రిల్‌లో ఓడరేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే పని వస్తుంది, లారీలూ వస్తాయి. ఈ దారిలో సైకిలు తొక్కదలచిన వారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

భావనపాడు దాటి ఉత్తరంగా తిరిగితే ఉద్దానం మొదలవుతుంది. ఇసుక నేల, సన్నని దారి, రెండు వైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. జీడిమామిడి పూతకు వచ్చిన రోజులు కావడంతో గాలి నిండా దాని పరిమళమే. కుడివైపు తోటల వెనుక సముద్రం వినిపిస్తుందే గాని కనిపించదు. గంటసేపటిలో మాకు ఎదురైనవి రెండు మోటారు సైకిళ్లు, ఒక ఆటో. ఫ్రాన్సు వారు ఎంతో శ్రమపడి కాపాడుకుంటున్న నిశ్శబ్దం ఇక్కడ అడగకుండానే దొరికిందని మురిసిపోయాము.

కొంతదూరం వెళ్లాక పిల్లవాడే గమనించాడు. "మామూ, ఇన్ని ఇళ్లున్నాయి. అన్నయ్యల వయసు వాళ్లు ఒక్కరూ కనిపించరేం?"

నిజమే. అరుగుల మీద వృద్ధులు, వాకిళ్లలో స్త్రీలు, బడి పిల్లలు. పాతికేళ్ల కుర్రవాడు ఒక్కడూ లేడు. తోటల్లో పెద్ద చెట్ల మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో ఇంకా ఎదుగుతున్న మొక్కలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలోనే తీరం దాటింది. తరాలుగా అన్నం పెట్టిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాయ చూడడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎదురుచూడలేని ఇల్లు కొడుకును రైలెక్కిస్తుంది.

జుహ్ర్ వేళకు వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక పల్లెలో ఆగాము. ఒక వాకిట్లో బోరు కనిపిస్తే వుజూకు నీళ్లు అడిగాము. ఇంటావిడ సరేనన్నది. పిల్లవాడు ఖాళీ సీసా కూడా అక్కడే నింపుకోబోతే గబగబా వచ్చి ఆపింది. "అవి కాళ్లూ చేతులూ కడుక్కోడానికే బావూ, తాగకండి" అంటూ లోపలికి వెళ్లి, మూతపెట్టిన బిందెలోంచి కుళాయి నీళ్లు తెచ్చి పోసింది.

ఆమె భర్త వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పలాస వెళ్తాడట. మూత్రపిండాల వ్యాధి ఉద్దానాన్ని రెండు దశాబ్దాలకు పైగా పీడిస్తోంది. దీనికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు ఇంకా నిర్ధారించలేదు గాని, భూగర్భ జలం మీద జనానికి నమ్మకం పోయింది. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుండి ఈ మండలాలకు నీరందించే పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. అంతకుముందే జబ్బుపడిన వారికి మాత్రం ప్రయాణాలు తప్పలేదు.

"పిల్లలో?" అని అడిగాము.

"పెద్దోడు చెన్నైలో, చిన్నోడు బొంబాయిలో. పండక్కొచ్చి నాలుగు రోజులుండి ఎల్లిపోనారు."

కొబ్బరి చెట్ల నీడలో నమాజు చేసుకున్నాము. పారే నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయరాదన్న బోధన మన ఇళ్లలో పిల్లలందరూ వినేదే. ఇంట్లో కుళాయి విప్పి మరచిపోయే మా మేనల్లుడు ఆ రోజు ఒక్క చెంబు నీళ్లతో వుజూ ముగించాడు. మేము ఏమీ అనలేదు.

ఈ దారిన వెళ్లదలచిన కుటుంబాలకు రెండు మాటలు. మామూలు సైకిలు చాలును, గేర్లు అక్కరలేదు. నేల చదునే గాని ఇసుక పడిన మలుపుల వద్ద దిగి నడవాలి. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి దాకా అనువైన కాలం, తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం మానుకోవాలి. పంక్చరు సామగ్రి, తాగునీరు వెంట ఉంచుకోవాలి. మొత్తం దూరం అరవై కిలోమీటర్ల లోపే. దారి తెలియకపోతే అడగండి, ఈ ప్రాంతంలో దారి చెప్పడమంటే కొంత దూరం వెంట రావడం.

అస్ర్ వేళకు పలాస చేరాము. జీడిపప్పు బట్టీల వద్ద స్త్రీలు పిక్కలు కొడుతున్నారు. జీడి రసానికి వారి వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి. గుండు పప్పుకు ఒక ధర, బద్దకు ఒక ధర అని మనం బజారులో బేరమాడుతాము. ఆ గుండు విరగకుండా తీసిన చేతులను ఆ రోజే చూశాము. అరకిలో కొన్నాము, బేరం చేయలేదు.

తిరుగు ప్రయాణానికి సైకిళ్లను తెలిసినవారి వ్యానుకెక్కించి రైల్వే స్టేషనుకు వెళ్లాము. ప్లాట్‌ఫారమంతా కుర్రవాళ్లే. భుజాన సంచులు, చేతుల్లో అరిసెల డబ్బాలు, పక్కనే మౌనంగా నిలబడిన తల్లులు. చెన్నై వైపు బండి వస్తోంది. పొద్దుటి నుండి వెతికిన అన్నయ్యలందరూ ఇక్కడున్నారు.

మా మేనల్లుడు వారిని చాలాసేపు చూశాడు. బండి కదిలాక మెల్లగా అడిగాడు: "మామూ, ఆ పక్షులు మళ్లీ సెప్టెంబరులో వస్తాయి కదా. వీళ్లెప్పుడొస్తారు?"

"పండక్కి" అన్నాము. పండుగకు ఇంకా ఏడాది ఉంది.