చెవి కల్పించు శ్లేషలు



మా యింట నొక నోటుపుస్తకము కలదు. దాని యట్టపై మా యమ్మాయి ఎఱ్ఱసిరాతో "మామ్మ నిఘంటువు" అని వ్రాసినది. ఆ పుస్తకము పుట్టిన విధమును, అది యొకనాడు నన్ను సిగ్గుపఱచిన విధమును, మరల మా యింట గౌరవము పొందిన విధమును మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. మొదట నవ్వుకొనదగిన సంగతులే చెప్పెదను. తరువాతి సంగతి కొంచెము వేఱు.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాన్నగారే యింటియొద్ద అమరము మొదలు ప్రబంధముల వఱకు చదివించిరి. సాయంకాలము వారు భాగవతము చదువుచుండగా ఇంటిల్లిపాదియు కూర్చుండి వినుట మా యింటి యాచారము. నా కైదేండ్ల ప్రాయమున అష్టమస్కంధము జరుగుచుండెను. "నేడు గజేంద్రమోక్షము" అని వారనగా, నా చెవికి "గజేంద్రమోసము" అని సోకినది. కథయంతయు శ్రద్ధతో విని, "ఏనుగును మోసం చేసింది మొసలే కదా నాన్నా! నీళ్లలో దాక్కుని కాలు పట్టుకుంది" అంటిని. నాన్నగారు పొత్తము మూసి కన్నుల నీరు వచ్చునట్లు నవ్విరి. కాని తప్పని కసరలేదు. "నీవు పెట్టిన పేరూ కథకు సరిపోయిందే తల్లీ!" అనిరి. తప్పుగా విన్న మాటకైనను తగిన కథ యల్లుకొనుట మనస్సునకు స్వభావమని, నాకు తెలియకయే, ఆనాడు తెలిసినది.

ఈ విషయమున మనకంటె ముందు నవ్వులపాలైనవాడు సాక్షాత్తు మన శాతవాహన మహారాజు. 11వ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవకవి రచించిన కథాసరిత్సాగరమున ఆ కథ యున్నది. రాజు రాణులతో జలక్రీడ లాడుచుండగా, నీళ్లు చల్లించుకొని యలసిన యొక రాణి "నన్ను నీళ్లతో కొట్టకు" మని సంస్కృతమున వేడుకొన్నది. "మా" యనగా వలదని యర్థము. "ఉదకైః" అనగా నీళ్లతో. రెండును కలిసి సంధిచే "మోదకైః" అయినది. రాజునకు సంధి తెలియదు. మోదకములనగా లడ్డువములే గదా! వెంటనే పళ్లెముల నిండ లడ్డువములు తెప్పించెను. రాణి ఫక్కున నవ్వి, సంధియైనను తెలియని రాజవా యని యెత్తిపొడిచినది. పరిజనము కూడ నవ్వినది. రాజు అన్నపానములు మాని మంచమెక్కెను. వ్యాకరణము నేర్పుటకు ఆఱేండ్లు కావలెనని గుణాఢ్యుడనగా, ఆఱు నెలలు చాలునని శర్వవర్మ పంతము పట్టి, కాతంత్రవ్యాకరణముచే నేర్పెను. పందెమోడిన గుణాఢ్యుడు సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచి అడవికి పోయి, పైశాచీభాషలో బృహత్కథను రచించెను. ఒక్క మాట తప్పుగా విన్నందున ఒక వ్యాకరణమును ఒక మహాకథయు పుట్టినవని పెద్దలు చెప్పుకొనిరి.

రాజు తెలియక చేసిన పనినే కవులు తెలిసి చేసిన, దానిని సభంగశ్లేష యందుము. పింగళి సూరనార్యుడు 16వ శతాబ్దమున రాఘవపాండవీయమున అవే యక్షరముల నొకచో విఱిచి రామకథను, వేఱొకచో విఱిచి భారతకథను నడిపెను. కవి విఱిచిన పాండిత్యము. చెవి విఱిచిన పరిహాసము. పని మాత్ర మొక్కటియే.

మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంగ్లీషు దేశములందు ఇట్టి పొరపాటునకు ఒక పేరే కలదని వారు నాకు చెప్పిరి. సిల్వియా రైట్ అను అమెరికా రచయిత్రి చిన్నతనమున తన తల్లి చదువగా ఒక స్కాట్లండు వీరగాథను వినుచుండెడిదట. అందు శత్రువులు ఒక ప్రభువును చంపి పచ్చికపై పడవైచిరని యున్నది. పడవైచిరను ఆ మాటలు ఆ పిల్లకు "లేడీ మాండెగ్రీన్" అను దొరసానిపేరుగా వినబడినవి. ప్రభువుతోపాటు ప్రాణము విడిచిన యిల్లాలు కాబోలునని ఆమె యెన్నియో యేండ్లు జాలిపడినది. నిజము తెలిసిన పిమ్మట, అట్టి దొరసాని యెన్నడును లేదన్న దుఃఖముతో 1954లో హార్పర్స్ పత్రికయందు ఒక వ్యాసము వ్రాసి, ఇట్టి తప్పుడు వినికిడి కంతటికిని ఆ లేని దొరసాని పేరే పెట్టినది. 2008లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వారు "మాండెగ్రీన్" అను మాటను చేర్చుకొనిరి.

నేటి పాటలలో ఇవి కొల్లలు. 1967లో జిమీ హెండ్రిక్స్ పాడిన పర్పుల్ హేజ్ అను పాటలో ఆకాశమును ముద్దాడుట యను మాట వచ్చును. వేలకొలది శ్రోతలకు అది "ఈ మనుష్యుని" ముద్దాడుటగా వినబడినది. 1969లో జాన్ ఫోగర్టీ తన బృందముతో పాడిన బ్యాడ్ మూన్ రైజింగ్ అను పాటలో అపశకునపు చంద్రు డుదయించుచున్నాడని యున్నది. జనులకు "స్నానాలగది కుడివైపున నున్నది" అని వినబడినదట! ఆ గాయకుడు కోపగింపక, కొన్ని సభలలో తానును అట్లే పాడి నవ్వించెను. 1990లో స్నాప్ అను బృందము, తమకు బలము చిక్కినదని ఇంగ్లీషున పాడగా, జర్మనీవారు దానిని "అగాథె బవర్" అను స్త్రీపేరుగా వినిరి. జపానులో దీనిని "సొరమిమి" యందురు. అక్కడ 1992 మొదలుకొని చాలకాలము టెలివిజనులో అన్యభాషల పాటలు జపానుమాటలుగా వినబడుటను చూపి నవ్వించిరి. చూచితిరా, ఎవ్వరి చెవి వారి యింటి మాటనే వెదకికొనును!

దీనికి కారణమును మా వారే విప్పి చెప్పిరి. వ్రాతలో పదమునకును పదమునకును నడుమ ఎడ ముండునుగాని, పలుకులో నుండదు. ధ్వని యేకధారగా వచ్చును. దానిని పదములుగా విఱుచు పని వినువారి మనస్సుది. పాటలో నీ పని మఱింత కష్టము. రాగముకొఱకు అచ్చులు సాగును. హల్లులు వాద్యముల మ్రోతలో మునుగును. తాళముకొఱకు మాట నడుమ విఱుగును. అప్పుడు మనస్సు తనకు చనవైన మాటను తెచ్చి లోటు పూడ్చును.

ఇక మా యింటి సంగతి. మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. రెండేండ్ల క్రిందట ఒక యుదయమున నేను వంటయింటినుండి, "అయ్యో, పాలు పొంగాయి!" అని కేకవైచితిని. ఆమె పసుపు సున్నము కలిపిన గిన్నెతో వచ్చి, "ఏ కాలు పొంగిందే? కూర్చో, పట్టు వేస్తాను" అనిరి. ఆ దినమంతయు నవ్వితిమి. పండుగకు మా వారు నాకొక చీర తెచ్చి, "అమ్మా, చీర తెచ్చాను, చూడు" అనగా, ఆమె "కీరా? ముదిరిందేమో, కోసి చూడు" అనిరి. తలుపు వేయుమన్న, పలుపెక్కడిదనిరి; మేము పశువుల నమ్మి పదేండ్లయినది. మా యమ్మాయి ఫోనులో ఇంగ్లీషు పాట వినుచుండగా, "ఆ దొర అన్నిసార్లు వంకాయ, వంకాయ అంటాడేమే?" అని యడిగిరి. ఆనాడే ఆ పిల్ల నోటుపుస్తకము తెఱచి "మామ్మ నిఘంటువు" మొదలుపెట్టినది. చుట్టములు వచ్చినపుడు అందులోనివి చదివి వినిపించెడిది. అందఱును నవ్వుచుండిరి. అత్తగారును నవ్వుచుండిరి. నేనును కొన్నిమాటలు జ్ఞాపకముచేసి వ్రాయించితిని. ఆ మాట దాచినచో నీ వ్యాసము వ్రాయుటయే తప్పు.

క్రమముగా ఆమె సావడిలోనికి వచ్చుట తగ్గినది. భజనకు పోవుట మానిరి. మోకాళ్ల నొప్పియనిరి, నమ్మితిమి. ఒకనాటి మధ్యాహ్నము నేను అంగడినుండి వచ్చునప్పటికి ఆమె కళ్లద్దములు పెట్టుకొని ఆ పుస్తకము చదువుచుండిరి. నన్ను చూచి దాచలేదు. "ఇందులో యాభై ఎనిమిది ఉన్నాయే అమ్మాయీ! నాకు తెలిసినవి నాలుగే. మిగిలినప్పుడు మీరెందుకు నవ్వారో తెలియక, నేనూ నవ్వాను" అనిరి.

నాకు నోట మాట రాలేదు. శాతవాహనుని కథ నేనెన్ని మాఱులు పిల్లలకు చెప్పలేదు! చెప్పిన ప్రతిమాఱును లడ్డువముల యొద్ద నవ్వితినేగాని, మంచమెక్కిన రాజు సంగతి యొక్కనాడును తలపోయలేదు. నా యింట నవ్విన రాణిని నేనే. ఆ రాజునకు శర్వవర్మ దొరకెను; మా అత్తగారికి వెదకి తేవలసినదానను నేను గానా?

ఆ వారమే చెవి వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన ముందు చెవిలోని గుబిలి తీసి చూచి, పిమ్మట శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టి పరీక్ష చేయించిరి. ఆడియోగ్రాము అను కాగితముపై గీతను చూపి విడమఱచి చెప్పిరి. వయస్సుచే లోపలిచెవిలోని సూక్ష్మమైన రోమకణములు నశించును. అవి మరల మొలవవు. మొదట పోవునది హెచ్చుస్థాయి ధ్వనుల వినికిడి. అచ్చులు క్రిందిస్థాయివి, బలమైనవి, అవి నిలుచును. క, చ, ట, త, ప, స వంటి హల్లులు చిన్నవి, సన్ననివి, అవి జాఱిపోవును. అందుచే మనుష్యులు మాటలాడుచున్నట్లు తెలియునుగాని, ఏమన్నది తెలియదు.

నేను నివ్వెఱపోతిని. మన వ్యాకరణమున క-చ-ట-త-పలే గదా పరుషములు! పాలు కాలగుటయు, చీర కీరయగుటయు, తలుపు పలుపగుటయు అన్నియు పరుషముల తారుమారే. మొదటి యక్షరము పోగా మిగిలినదానిని పట్టుకొని, ఆమె మనస్సు తగిన పదమును కల్పించుకొనుచుండెను. కవి చేయు పనినే దినమంతయు సాయము లేక చేయుచు అలసిపోయెడిది. మా పరుషములు ఆమెకు వినబడకపోయినను, మా నవ్వులు కనబడుచునే యుండెను.

రెండు చెవులకును యంత్రములు పెట్టించితిమి. మొదటి వారమున ఆమె వానిని తీసి డబ్బాలో పెట్టిరి. గరిటె చప్పుడు పిడుగువలె నున్నదనిరి. తన గొంతు కుండలోనుండి వచ్చినట్లున్నదనిరి. చాల యిండ్లలో యంత్రము పెట్టెలోనే యుండిపోవుటకు కారణ మిదియేనని వైద్యుడు ముందే చెప్పియుండెను. మొదట నిశ్శబ్దమైన గదిలో గంటసేపు, తరువాత రెండు గంటలు, ఇట్లు పెంచుకొనుచు పోగా మూడు నెలలకు అలవాటైనది. మేమును కొన్ని నేర్చుకొంటిమి. అఱచి చెప్పరాదు, అఱచిన అచ్చులే పెరుగును, హల్లులు పెరుగవు. ఎదుటికి వచ్చి, ముఖము కనబడునట్లు నిలిచి, నెమ్మదిగా చెప్పవలెను. మిక్సీయు టీవీయు ఆపి మాటలాడవలెను. ఒకమాఱు తెలియని మాటను పదిమాఱులు చెప్పుటకంటె, వేఱుమాటతో చెప్పుట మేలు. "ఏమీ లేదులే" యను మాట యెన్నడును అనరాదు. ఆ మాటయే తన నెక్కువ బాధించినదని అత్తగారు తరువాత చెప్పిరి.

ఇది మా యింటి కష్టము మాత్రమే కాదు. ప్రపంచమున 43 కోట్లమందికి పైగా వినికిడి లోపమునకు సాయము కావలసియున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2021లో ప్రకటించిరి. నడివయస్సున వినికిడి తగ్గుట మతిమఱపు వ్యాధి వచ్చు నపాయమును పెంచు కారణములలో నొకటియని, దానిని సవరింపవచ్చునని 2020లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము చెప్పినది. కావున, సోదరీమణులారా, మీ యింటి పెద్దలు మాటకు మాట తప్పుగా వినుచున్నచో ఒకమాఱు నవ్వుడు. రెండవమాఱు పరీక్ష చేయింపుడు.

"మామ్మ నిఘంటువు"ను చించివేయుదునని మా యమ్మాయి ఏడ్చినది. అత్తగారే వలదనిరి, "అందరివీ రాయవే, నావొక్కదానివే ఎందుకు?" అనిరి. ఇప్పుడు అందు క్రొత్తపుటలో మొదటిది నా గజేంద్రమోసము. రెండవది మా వారిది. అది యిచ్చట వ్రాయవలదని వారి యాజ్ఞ.

మొన్న సాయంకాలము మా యమ్మాయి మరల ఆ యింగ్లీషు పాట పెట్టినది. అత్తగారు యంత్రములు సర్దుకొని తుదివఱకు విని, "ఇందులో వంకాయ లేదే!" అనిరి. కొంచెముసేపూరకుండి, "ఉన్నప్పుడే బాగుందే" అనిరి. ఈ మాఱు అందఱమును ఒక్క సంగతికే నవ్వితిమి.