ఉక్కుకీ శ్రుతి పెట్టే ఊరు

సంగీతం తెలిసినవాళ్లకి మిరజ్ అంటే తంబురాలు. వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లకి మిరజ్ అంటే లోహాల గట్టిదనం కొలిచే యంత్రాలు! మహారాష్ట్రలో సాంగ్లీ పక్కనే ఉన్న ఈ రైల్వే జంక్షన్‌లో రెండూ తయారవుతాయి.

పాత ఊళ్లోకి వెళ్తే ‘సితార్‌మేకర్’ అన్న పేరుతో బోర్డులు, లోపల వరసగా ఎండిన సొరబుర్రలు కనిపిస్తాయి. ఒకప్పుడు కత్తులకు సానపట్టిన శికల్గార్ కుటుంబాలు 19వ శతాబ్దంలో ఈ పనిలోకి వచ్చాయి. మిరజ్ సితార్, తంబురాలకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 1937లో కన్నుమూసిన కిరాణా ఘరానా గాయకుడు అబ్దుల్ కరీంఖాన్ సమాధి ఇక్కడి మీరాసాహెబ్ దర్గాలోనే ఉంది. ఏటా ఆయన పేరిట కచేరీలు జరుగుతాయి.

పారిశ్రామికవాడ వైపు వెళ్తే మాత్రం అంతా ఉక్కు లోకమే. ఇక్కడా, దగ్గర్లోని ఇచల్‌కరంజిలోనూ హార్డ్‌నెస్ టెస్టర్లు తయారుచేస్తారు. లారీ గేరుచక్రం మెత్తగా ఉంటే అరిగిపోతుంది, మరీ గట్టిగా ఉంటే పళ్లు విరుగుతాయి. అది సరిగ్గా ఉందో లేదో చెప్పేది ఈ యంత్రమే. రాక్‌వెల్ ‘సి’ పద్ధతిలో వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూస్తారు. తక్కువ దిగితే గట్టిది, ఎక్కువ దిగితే మెత్తది. ఒక్క పాయింటు తేడా అంటే 2 మైక్రాన్ల లోతు. వెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు!

మరి యంత్రమే తప్పు చెబితే? అరిగిన వజ్రం లోతుగా దిగదు. అప్పుడు మెత్తటి ఉక్కు కూడా గట్టిదానిలా కనిపిస్తుంది. పనికిరాని గేరు పాసైపోయి లారీలోకి, అక్కడి నుంచి ఘాట్‌రోడ్డు మీదికి చేరుతుంది.

అందుకే టెస్ట్ బ్లాకు. క్యారమ్స్ స్ట్రైకర్‌కి పెద్దన్నలా, అద్దంలా మెరిసే ఉక్కుబిళ్ల ఇది. గట్టిదనం ఎంతో దానిమీదే రాసి ఉంటుంది. పని మొదలుపెట్టేముందు యంత్రంతో ముందు దీన్ని కొలుస్తారు. అంకె హద్దు దాటి తేడా వస్తే యంత్రం ఆపేయాల్సిందే.

బిళ్లకీ కొన్ని కట్టుబాట్లున్నాయి. నొక్కిన చోట మళ్లీ నొక్కకూడదు. రెండు గుంటల మధ్య కనీసం గుంట వెడల్పుకు మూడింతల దూరం ఉండాలి. వెనకవైపు వాడకూడదు. పైన సానపట్టి కొత్తగా చేయకూడదు. రాసిన అంకె ఆ ముఖానికి మాత్రమే చెల్లుతుంది మరి! గుంటలతో నిండిపోయాక దాని ఉద్యోగం అయిపోయినట్టే. ఈ బిళ్లలకు అంకె వేసే యంత్రాలకూ పెద్ద దిక్కు ఉంది. అదే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

తంబురా పాట పాడదు, పాడేవాళ్లు దారి తప్పకుండా చూస్తుంది. ఈ బిళ్ల చేసేదీ అదే.

తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కడప, గుంతకల్లు మీదుగా వెళ్తూ మిరజ్‌లో ఆగుతుంది. ఇక్కడి నుంచి కొల్హాపూర్ సుమారు 50 కిలోమీటర్లు. మహాలక్ష్మి దర్శనానికి వెళ్లేవాళ్లు ఒక పూట ముందే దిగితే దర్గా, తంబురాల వీధి తీరిగ్గా చూడొచ్చు.