ఒరేయ్, ఇది నీలమేనా?

ఉదయం ఆరున్నరకే వ్యాన్ వచ్చి కొత్తపేటలో మైదానం పక్కన ఆగింది. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే బస్సులు అప్పటికే హారన్లు మోగిస్తున్నాయి. వ్యాన్‌లోంచి పదహారు పార్‌క్యాన్లు దిగాయి. నాలుగు స్పాట్‌లైట్లు, రెండు డిమ్మర్ బాక్సులు, గోనెసంచుల నిండా వైర్లు దిగాయి. ఓ పాత బిస్కెట్ల డబ్బాలో చుట్టలు చుట్టిన రంగు జెలటిన్ కాగితాలు దిగాయి. అన్నిటికంటే ఆఖర్న ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు, కళ్లు నులుముకుంటూ దిగాడు.

కుర్రాడిది బీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా! స్నేహితులంతా కంప్యూటర్ సెంటర్లకీ మందుల షాపులకీ పోతే, వీడు మాత్రం కాగితంలో ‘రంగస్థల విద్యుద్దీపాలంకరణ’ అని రాశాడు. ‘పెళ్లిళ్లకి సీరియల్ లైట్లు కడతావా?’ అని లెక్చరర్ నవ్వాడట. ‘కాదండి, నాటకాలకండి’ అంటే, ‘ఇంకా ఆడుతున్నారా?’ అన్నాడట.

ఆడుతున్నారు. ఆ మాట ఈ చుట్టుపక్కల అడగాల్సింది కాదు. కూతవేటు దూరంలోని రావులపాలెంలో సి.ఆర్.సి. కాటన్ కళాపరిషత్ ఉగాది నాటక పోటీలంటే తెలుగునాట నాటక సమాజాలన్నీ చెవులు రిక్కిస్తాయి. పెద్ద పరిషత్తులే కాదు, కొబ్బరిచెట్ల నడుమ పందిరి వేసి మూడు రాత్రులు నాటికలు ఆడించే ఊళ్లు కోనసీమలో ఇంకా ఉన్నాయి. ఆ రోజు కుర్రాడు పనిచేసింది అలాంటి చోటే. రాత్రికి మూడు నాటికలు. ఒక్కోటీ గంట. మధ్యలో సెట్టు మార్చడానికి అరగంట.

వాడి గురువుగారికి అరవై దాటాయి. ముప్ఫై అయిదేళ్లుగా ఇదే పని. మాటలు తక్కువ, అరుపులు ఎక్కువ. పొద్దున్నే పెట్టిన మొదటి పరీక్ష లెక్కల పరీక్ష.

‘‘ఇరవై లైట్లురా. ఒక్కోటీ వెయ్యి వాట్లు. మొత్తం ఎంత లాగుద్ది?’’

‘‘ఇరవై కిలోవాట్లండి. రెండొందల ముప్ఫై వోల్టులకి... ఎనభై ఏడు ఆంపియర్లండి, ఇంచుమించు.’’

‘‘అన్నీ ఒకే ఫేజు మీద పడేస్తే?’’

‘‘కాలిపోద్దండి.’’

‘‘మూడుకీ పంచు మరి. ఒక్కోదానికీ ఇరవై తొమ్మిది దాటకూడదు.’’

తొమ్మిదికల్లా వైర్లు పరిచారు. పదికి నిచ్చెన ఎక్కాడు. ఎక్కడం గొప్ప కాదు, ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో నాలుగైదు కిలోల లైటుని బిగించడంలో ఉంది కష్టమంతా. హాలోజన్ బల్బుని ఒట్టి వేళ్లతో ముట్టుకోకూడదు. వేలికున్న జిడ్డు గాజుకి అంటుకుంటే, వెలిగినప్పుడు సరిగ్గా అక్కడే వేడెక్కి పగిలిపోతుంది. అందుకని జేబురుమాలుతో పట్టుకోవాలి. ఆ రుమాలుతోనే చెమటా తుడుచుకుంటే మళ్లీ తిట్లే!

లైటు ఎక్కడ కట్టాలన్నది ఇంకో చదువు. ఎదురుగా కడితే ముఖం అప్పడంలా చదునైపోతుంది. నెత్తిమీద కడితే కళ్లు గుంటలవుతాయి. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, నలభై అయిదు డిగ్రీల వాలులో, ఒకటి వెచ్చటి రంగు, ఒకటి చల్లటి రంగు. అమెరికాలో స్టాన్లీ మెక్‌కాండ్లెస్ అనే ఆచార్యుడు 1932లో పుస్తకం రాసి మరీ చెప్పిన పద్ధతి ఇది. గురువుగారికి ఆ పేరు తెలీదు. ‘ఓ బుగ్గకి ఎండ, ఓ బుగ్గకి నీడ’ అంటాడాయన. కుర్రాడికి అది చప్పున అర్థమైంది. ఎందుకంటే కొత్తపేట విగ్రహాల ఊరు. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాల ఉన్నదిక్కడే. బయట నిలబెట్టిన విగ్రహాల ముఖాలు పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉండటం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు.

పదకొండింటికి జరిగింది ఆ సంగతి.

గురువుగారు బిస్కెట్ల డబ్బాలోంచి ఓ జెలటిన్ తీసి పైకి అందించాడు. ‘‘నీలం. నాలుగో నంబరుకి పెట్టు.’’

కుర్రాడు చూశాడు. ఆకుపచ్చ! పరీక్ష పెడుతున్నాడేమో అనుకున్నాడు. ‘‘ఇది పచ్చ కదండీ’’ అన్నాడు నవ్వుతూ.

కింద నుంచి అరుపు రాలేదు. కాసేపటికి, ‘‘ఒరేయ్, కిందకి దిగు’’ అని మాత్రం వినిపించింది.

రెండు కళ్లకీ శుక్లాలు. చూపు ఏడాదిగా మసకబారుతోంది. శుక్లం ముదిరేకొద్దీ లోకమంతా పసుపుపచ్చ అద్దంలోంచి చూసినట్టుంటుంది. ముందు దెబ్బతినేది నీలమే. ఆపరేషన్ చేయించుకోవచ్చుగా అంటే, షుగరు అదుపులోకి వస్తేగానీ చెయ్యనన్నారు డాక్టర్లు. పైగా ఇది నాటకాల సీజను. ఈ నాలుగు నెలల సంపాదనే ఏడాదంతా తినాలి. ‘లైటింగాయనకి కళ్లు కనిపించవట’ అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే వచ్చే ఏడాది ఫోను మోగదు.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చాడు? జెలటిన్ మూలల్లో గాట్లు. ఒక గాటు ఆంబరు, రెండు గాట్లు నీలం, మూడైతే పచ్చ. వేళ్లతో తడిమి తీసేవాడు.

‘‘మొన్న మాడిపోయిన మూలలన్నీ శుభ్రంగా కత్తిరించింది నువ్వే కదరా?’’

వాడే! పనిమంతుడనిపించుకుందామని, ఎవరూ చెప్పకుండానే, కూర్చుని మరీ కత్తిరించాడు.

టీ చల్లారిపోయింది. ‘‘కమిటీవాళ్లకి తెలియనివ్వకు’’ అన్నాడాయన. ‘‘ఆయ్’’ అన్నాడు కుర్రాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కత్తెర పట్టుకుని అన్ని కాగితాలకీ మళ్లీ గాట్లు పెట్టాడు.

నాటకానికీ చూపు లేనితనానికీ ఈ గోదావరి ఒడ్డున పాత చుట్టరికమే ఉంది. ‘గయోపాఖ్యానం’తో తెలుగు రంగస్థలాన్ని ఓ ఊపు ఊపిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు రేచీకటితో బాధపడ్డారు. తర్వాత చూపే పోయింది. నాటకాలు ఆడేది రాత్రిపూట. రాసినాయనకేమో రాత్రి కనిపించదు!

కుర్రాడి ఇంట్లోనూ ఓ కథ ఉంది. వాళ్ల ముత్తాత భాగవతాల్లో దివిటీ పట్టేవాడని నాయనమ్మ చెబుతుంటుంది. కరెంటు లేని రోజుల్లో వెలుగంటే దివిటీయే. పాత్రధారి ఎటు కదిలితే దివిటీ అటు కదలాలి. ఇవాళ ‘ఫాలో స్పాట్’ అంటున్నది అదే కదా! రాక్షసుడు ప్రవేశించే వేళ గుప్పెడు గుగ్గిలం పొడి దివిటీ మీదకి విసిరితే భగ్గుమని మంట లేచేది. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. ఆ మంట వేసినవాడి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. దీపాలు పట్టేవాళ్లలో దేశమంతా పేరు తెచ్చుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది. తాపస్ సేన్ అలాంటివాడు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకానికి, బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొస్తున్నట్టు కేవలం వెలుగుతో భ్రమింపజేశాడు. వేదిక మీద నీటిచుక్క లేదు.

సాయంత్రం అయిదు నుంచీ ఊపిరాడలేదు. మూడు సమాజాలవాళ్లూ ఒకేసారి దిగారు. ‘మాకిక్కడ బ్లూ ఫేడిన్ అండి’, ‘మాది రెడ్‌తో మొదలండి’, ‘నేను కణత మీద చెయ్యి పెట్టగానే బ్లాకౌట్ కొట్టాలి బాబూ’... ఎవరి గోల వారిది. ఒకాయన లైటింగ్ వివరాలు సిగరెట్ పెట్టె అట్టమీద రాసిచ్చాడు. కుర్రాడు అన్నీ నోటుబుక్‌లోకి ఎక్కించుకున్నాడు. మామూలుగా అయితే డిమ్మర్ మీద గురువుగారి చేతులుంటాయి, వాడు పక్కన టార్చి పట్టుకుంటాడు. ఆ రాత్రి కుర్చీలు మారాయి. చీకట్లో ఆ మార్పు ఎవరు చూస్తారు?

మొదటి నాటిక గట్టెక్కింది.

రెండోదానిలో దెబ్బతింది. చివరి సీన్లో కథానాయకుడు కణత మీద చెయ్యి పెట్టాడు. కుర్రాడు ఠక్కున బ్లాకౌట్ కొట్టాడు. తీరాచూస్తే అతను చెమట తుడుచుకుంటున్నాడు! అసలు డైలాగు ఇంకా మిగిలే ఉంది. నాటికంతా ఏ మాట కోసం నడిచిందో ఆ మాటని పాపం ఆ నటుడు కటిక చీకట్లో చెప్పాల్సొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు, వాళ్లకేం తెలుసు? న్యాయనిర్ణేతలు మాత్రం తలలు వంచి ఏదో రాసుకున్నారు.

దర్శకుడు మేకప్ తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చాడు. ఆరు నెలల రిహార్సల్స్ అంటాడు, జీతం డబ్బులు పెట్టి వచ్చామంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. పరిషత్తుల్లో ఆడేవాళ్లలో చాలామంది ఉద్యోగాలకి సెలవు పెట్టి, సొంత డబ్బు వదిలించుకుని వచ్చేవాళ్లే. ‘‘ఎవడండీ బ్లాకౌట్ కొట్టింది?’’

కుర్రాడి నోరు పెగల్లేదు.

‘‘నేనే బాబూ. చెయ్యి జారింది’’ అన్నాడు గురువుగారు.

‘‘మీరా! మిమ్మల్ని నమ్మి కదండీ...’’ అని ఆగిపోయి, వెనక్కి వెళ్లిపోయాడతను. ఏ మాటైతే రాకూడదని పొద్దున బతిమాలాడో, దాని దాకా తనే నడిచివెళ్లాడు పెద్దాయన.

మూడో నాటికలో ఆఖరి రెండు నిమిషాలూ మాటల్లేవు. కొడుకు కోసం వాకిట్లో కూర్చున్న తల్లి. వెన్నెల మెల్లగా తెల్లవారుగా మారాలి. నీలం దిగుతూ ఉండగా ఆంబర్ ఎక్కాలి, అదీ ఎక్కుతున్నట్టు తెలియకుండా. ఎల్‌ఈడీ లైట్లు వచ్చి కరెంటు ఖర్చు తగ్గించాయిగానీ, చవకరకం వాటిలో వెలుగు అడుగంటేటప్పుడు మెట్లుమెట్లుగా తెగిపడుతుంది. హాలోజన్ అలా కాదు, ఆరబోయే నిప్పులా ఎర్రబడుతూ దిగుతుంది. గురువుగారు ఇంకా పాత లైట్లే మోస్తున్నది అందుకే.

కుర్రాడి వేళ్లు వణుకుతున్నాయి. భుజం మీద చెయ్యి పడింది. ఆయన వేదికవైపు చూడటం లేదు, కళ్లు మూసుకుని వింటున్నాడు. భుజం మీద వేలు ఒక్కో దెబ్బ కొడుతుంటే ఇక్కడ ఒక్కో గీత కదిలింది.

‘‘ముఖం కనపడతందా?’’ అని గుసగుసగా అడిగాడు.

‘‘ఆయ్, ఇప్పుడే కనపడతందండి.’’

‘‘కళ్లు?’’

‘‘తడిగా ఉన్నాయండి.’’

‘‘అక్కడ ఆపు.’’

పన్నెండున్నరకి బహుమతులవీ అయ్యాక, కమిటీవాళ్లు మైకులో గురువుగారిని వేదిక మీదకి పిలిచారు. శాలువా అట. ఆయన లేచి, జనాల మధ్య దారి చూసుకుంటూ వెళ్లాడు. వేదిక పక్కన నాలుగు చెక్కమెట్లు, వాటి మీద చీకటి. మొదటి మెట్టు దగ్గర ఆయన పాదం గాల్లో తడుముకుంటోంది. కుర్రాడు నాలుగో నంబరు గీతని పైకి తోశాడు. నీలంగా పడింది మెట్ల మీద. వెంటనే అయిదో నంబరూ తోశాడు. మెట్లు నాలుగూ కనిపించాయి. ఆయన ఎక్కాడు.

ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో ‘ఈ రోజు చేసిన పని’ అన్నచోట వాడు రాసిందిది: ‘3 నాటికలు. 20 లైట్లు. 1 బ్లాకౌట్ ముందే కొట్టాను. జెలటిన్ కాగితాలకి గాట్లు పెట్టాను.’ వైర్లు చుట్టి వ్యాన్ ఎక్కించేసరికి రెండున్నర. మర్నాడు పొద్దున ఆరున్నరకి మళ్లీ రావాలి.