టాంకుపై రంగు

మా అబ్బాజాన్ గతించిన పిదప ఆయన యెజ్డీ మోటారు సైకిలు బుచ్చయ్యపేటలోని మా ఇంటి వసారాలో మూడేండ్లు మూలబడి ఉన్నది. దానిని నిర్మించిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారము 1996లోనే మూతపడినది. టాంకుకు నేనే రంగు వేయ సంకల్పించాను.

పెట్రోలు తీసి, నీటితో కడిగి, రెండు దినములు ఆరుబయట ఉంచాను. ఆవిరి మిగిలిన టాంకు దగ్గర నిప్పురవ్వ ప్రాణాంతకము. గరుకు కాగితము పట్టగానే చేయి ఆగినది. ఇరుప్రక్కలా అబ్బాజాన్ మోకాళ్ళ రాపిడికి రంగు అరిగిన గుర్తులు! వాటిని చెరపుటయా? కాని త్రుప్పు మమకారమును ఎరుగదు గదా! మెల్లగా రుద్దితే నలుపు క్రింద ఎరుపు బయటపడినది.

అమ్మీ చూచి, "కొన్ననాడు ఎరుపే, బేటా! నువ్వు పుట్టిన ఏడు ఆయనే ఇంట్లో నలుపు వేశారు" అన్నది. నా సంకోచము తీరినది.

ప్రైమరు పూసి, ముసురు పట్టిన పూట తొందరపడి ఎర్రరంగు చిమ్మాను. థిన్నరు ఆవిరి కాగా చల్లబడిన రేకుపై తేమ చేరి రంగు తెల్లబారినది. తిరిగి గీకి, ఎండ కాచిన దినమున పలుచగా నాలుగు పూతలు వేశాను.

విద్యార్థి మిత్రులారా! తొలిపూత ఆరనిదే మలిపూతకు తొందరపడకండి.