మేని కొలతలు

ఆత్మకూరు బస్టాండు చుట్టుప్రక్కల వీథులలోను, ఉదయగిరి దుర్గమును మోయు కొండ క్రింది బజారులోను, కుట్టుమిషను ముందు కూర్చుండి ప్రొద్దుగ్రుంకువరకు జాకెట్లు కుట్టు స్త్రీ పురుషు లెందరో కలరు. వారిలో ఫ్యాషను విద్యాలయముల గడప త్రొక్కినవారు అరుదు. అయినను, లోకప్రసిద్ధులైన వస్త్రరూపకర్తలలో పెక్కురు నేటికిని తేల్చుకొనజాలని యొక విషయమున వారి కెన్నడును సందేహము కలుగలేదు. వచ్చిన స్త్రీ స్థూలకాయ యైనను, కృశాంగి యైనను, పొట్టిదైనను, వయోభారమున వీపు వంగినదైనను, తెచ్చిన ఆది జాకెట్టును బల్లపై పరచి, చాలనిచోట టేపు పట్టి, భుజము, ఛాతి, నడుము, చేతి లూజు, మెడలోతు వరుసగా పుస్తకమున వ్రాసికొని, “చంకకాడ పట్టేస్తా ఉండాదా అమ్మా?” అని యడిగి, రేపు ఒళ్లు వచ్చినను విప్పుకొనుటకు వీలుగా లోపల రెండు కుట్ల మేర గుడ్డ వదలి కుట్టి యిత్తురు. “నీ దేహమునకు తగిన కొలత మాయొద్ద లేదు” అను వాక్యము ఆ వృత్తిలోనే లేదు.

ఆ స్త్రీయే పండుగకు నెల్లూరు పోయి, ట్రంకురోడ్డులోని రెడీమేడు దుకాణమున చుడీదారు చేతబట్టుకొన్నపుడు, “మీ సైజు రాదు మేడం” అను మాట వినవలసి వచ్చుచున్నది. ఆ మాట పలుకు పిల్లదానియందు దోషము లేదు. ఆ మాట ఎంతో ముందుగా, ఎక్కడనో, ఒక రూపకర్త బల్లమీద, ఆ స్త్రీని తలపక గీసిన గీతలోనే పలుకబడియున్నది. కావున వస్త్రరూపకర్తలు సర్వవిధ దేహములుగల స్త్రీలకును వస్త్రములు కల్పింపవలెనా యను ప్రశ్నకు నా సమాధానము నిస్సంశయముగా “వలయును” అనియే. అది దయాధర్మము కాదు. ఆ విద్యలోని మొదటి పాఠము.

ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ అను అక్షరములు ప్రకృతి శాసనములవలె మనకు తోచును గాని, వాని వెనుక మానవ నిర్ణయములు కలవు. అమెరికా వ్యవసాయ శాఖవారు 1939–40 సంవత్సరములలో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించి, 1941లో ఆ ఫలితములను ప్రకటించిరి. ఆ గణనలో శ్వేతజాతి స్త్రీల కొలతలు మాత్రమే గ్రహింపబడి, తక్కినవి విడిచిపెట్టబడినవి. దానిని ఆధారముగా గొని 1958లో ఏర్పడిన కొలతల ప్రమాణము, నిజమైన దేహములకు సరిపడక, 1983లో ఉపసంహరింపబడినది. మన దేశమున దుకాణములకు వచ్చు వస్త్రములు చిరకాలము ఇట్టి పరదేశ ప్రమాణములను అటునిటు సవరించిన కొలతలతోనే తయారగుచు వచ్చినవి. ఈ లోపమును తీర్చుటకై జాతీయ ఫ్యాషను సాంకేతిక సంస్థ, ‘ఇండియాసైజ్’ అను పేర, మన హైదరాబాదుతో కూడ ఆరు నగరములలో 25,000 మందికి పైగా స్త్రీ పురుషులను కొలుచుటకు పూనుకొన్నది. ఇది శ్లాఘనీయమైన ప్రయత్నము. కాని, నగరమున కొలిచిన కొలత, ఎండకు వంగి మిరపచేల కలుపు దీయు ఉదయగిరి మెట్టప్రాంతపు స్త్రీ భుజమునకు ఎంతవరకు సరిపడునో యనునదియు ఆలోచింపదగిన విషయమే.

కొలత పెంచుట యనగా గుడ్డ పెంచుట మాత్రమే కాదు. కర్మాగారములలో సాధారణముగా ఒక నడిమి కొలతకు నమూనా కత్తిరించి, దానినే నలుదిక్కుల కొన్ని అంగుళములు సాగదీసి పెద్ద కొలతలను, కుదించి చిన్న కొలతలను సిద్ధపరుతురు. దేహ మట్లు సర్వత్ర సమముగా పెరుగదు. నడుము పెరిగిన స్త్రీకి భుజము పెరుగకపోవచ్చును. ప్రసవానంతరము ఉదరము విస్తరించినామెకు మణికట్టు పూర్వమువలెనే యుండవచ్చును. అందుచేత పెద్ద కొలతలోని చొక్కాకు మెడ జారి, భుజము వ్రేలాడి, చంక మాత్రము బిగియును. పెద్ద దేహమునకు వేరు నమూనా కావలయును; బొద్దుదనమును కప్పిపుచ్చుటకు నల్లని సంచివంటి అంగీని కుట్టి “ఇదియే మీకు తగినది” యనుట కళ యనిపించుకొనదు. ఉదయగిరిలో కొయ్యచెంచాలు, గరిటెలు చెక్కు కుటుంబములవారు పట్టు చేతిని, ముంచు పాత్రను తలచి కొయ్యపై ఉలి మోపుదురు. చేతినే గరిటెకు తగినట్లు మార్చుకొమ్మని వారెవ్వరికిని చెప్పరు.

మనకు చీర యున్నదిగదా, అది సర్వదేహములకు సమానమే గదా యని కొందరందురు. కొంతవరకు సత్యము, కత్తెర తగులని వస్త్రమున ఉదారత యొకటి కలదు. కాని చీరకును కనబడని కొలత యొకటున్నది. ఐదున్నర మీటర్ల చీర బక్కపలుచని యువతికి నిండు కుచ్చిళ్లను, దీర్ఘమైన పైటను ఇచ్చును. విశాలమైన నడుముగల గృహిణికి నాలుగు కుచ్చిళ్లు రాకమునుపే ముగిసిపోవును. ఎత్తరికి పన్నా చాలక చీలమండలు బయటపడును. చీరతోబాటు నేసిన జాకెట్టు గుడ్డ తరచుగా 80 సెంటీమీటర్లే యుండుటచే, మీటరు గుడ్డ కావలసిన స్త్రీకి దర్జీ చంక క్రింద వేరు గుడ్డ అతికి, ఆ యతుకు కనబడకుండ నేర్పుతో దాచవలసి వచ్చును. పేరంటమున తాంబూలముతో నిచ్చు జాకెట్టు ముక్కల సంగతియు నిట్టిదే. శుభము కోరి యిచ్చిన ఆ కానుక పెద్దకొలత ముత్తైదువ పెట్టెలో మడత విప్పకుండ పడియుండును. వెంకటగిరివంటి నేతస్థానములలో నేయించువారు పడుగును మరికొంత నిడివిగా పోయించినచో ఈ కొఱత సులభముగా తీరును.

కొలత కానివారనగా లావైనవారు మాత్రమే కారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశపు స్త్రీలలో నూటికి 36.3 మంది అధికమగు బరువు కలవారనియు, 14.8 మంది ఉండవలసినదానికన్న తక్కువ బరువు కలవారనియు తేలినది. అనగా సగముమంది స్త్రీలు నడిమి నమూనాకు ఈవలనో ఆవలనో యున్నారన్నమాట. సగముమంది స్త్రీలను మినహాయింపుగా నెంచు శాస్త్రము తన లెక్కను తిరిగి చూచికొనవలదా?

పెద్ద కొలతలు చేసిన వ్యయ మధికమగునని వర్తకు లందురు. నమూనాలు పెరుగును, గుడ్డ పెరుగును, అమ్ముడుపోని సరకు మిగులునను భయము కలదు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయినను ఆ భారమును అన్ని కొలతలమీదను సమముగా పంచవచ్చును. ఇక, పెద్ద కొలతలు కుట్టుట స్థూలతను ప్రోత్సహించుట యనువారు వస్త్రమునకు లేని పనిని అప్పగించుచున్నారు. థైరాయిడు చేతనో, కాన్పు చేతనో, మందుల చేతనో ఒళ్లు వచ్చిన స్త్రీకి సలహా చెప్పుటకు వైద్యు డున్నాడు. ఆమె ఆరోగ్యమునకై ప్రొద్దున నడువ దలచినను, ఆ నడకకును దేహమునకు పట్టు దుస్తులు కావలయును గదా!

అందమునకు సన్నదనమే లక్షణమను భావమును మన సంప్రదాయముపై మోపరాదు. తెలుగు ప్రేక్షకులు సావిత్రిని ఆమె బొద్దుగానున్న కాలముననే హృదయమున నిలుపుకొనిరి. ఆ మహానటి చరితమును చిత్రించిన ‘మహానటి’కి వస్త్రరూపకల్పన చేసినవారికి జాతీయ పురస్కారము లభించినప్పుడు మనమందరము సంతోషించితిమి. 2016 ఆగస్టులో ముంబయిలోని లాక్మే ఫ్యాషను వారోత్సవమున పెద్దకొలతల వస్త్రములకు ప్రత్యేక ప్రదర్శనము జరిగినది. అది మంచి యారంభమే. కాని ప్రత్యేక ప్రదర్శనము, ప్రత్యేక దుకాణము, ప్రత్యేకమగు ధర యను వేర్పాటులు తొలగి, అక్కసెల్లెండ్రు వేర్వేరు కొలతలవారైనను ఒకే దండెమున, ఒకే రంగున, ఒకే వెలకు తమతమ వస్త్రములను ఎన్నుకొనగలిగినపుడే ఆ యారంభము సార్థకమగును.

వస్త్రరూపకర్తలకు నా విన్నప మింతే: మొదటి గీత గీయుటకు ముందే మూడు దేహములను, సన్నని దానిని, నడిమి దానిని, నిండైన దానిని, ఎదుట నిలుపుకొని నమూనా ఆరంభింపుడు. నేయించువారు జాకెట్టు గుడ్డను మీటరునకు పెంచుడు. దుస్తులు చాలకపోయినప్పుడు సిగ్గుపడవలసినవారు వానిని కొలచినవారేగాని, తొడుగబోయిన స్త్రీ కాదు. ఈ న్యాయమును మన చిన్న ఊళ్ల కుట్టుమిషనులు తరతరములుగా పాటించుచున్నవి. పెద్ద పేర్లు గల సంస్థలవారు వానియొద్ద దీనిని నేర్చుకొనుట వారికి గౌరవమే యగును.